మొవ్వు పోతే చెట్టు పోయినట్టే

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో గోదావరి డెల్టాలో తాటిచెట్లు నిలువునా చచ్చిపోతుండేవి. పిడుగు పడింది లేదు, నీటికి కరువు లేదు, గీత గీసేవాడి చేయి తప్పిందీ లేదు. చుట్టూ ఆకులు పచ్చగానే ఉండేవి. నడినెత్తిన విచ్చుకోవలసిన ఆకు మాత్రం పాలిపోయి వాలిపోయేది. పట్టి లాగితే ఊడి చేతికొచ్చేది. దాని మొదట్లో కుళ్లు కంపు. అప్పటికి బీహార్‌లోని పూసాలో కొత్తగా పెట్టిన వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎడ్విన్ జాన్ బట్లర్ ఇంపీరియల్ మైకాలజిస్ట్, అంటే శిలీంధ్రాల నిపుణుడు. ఐర్లండ్‌లో పుట్టి, వైద్యం చదివి, మనుషుల రోగాలు వదిలేసి మొక్కల రోగాల వైపు మళ్లిన మనిషి. ఈ గోదావరి జబ్బు గురించి ఆయన 1906లోనే రాశారు. మరుసటి ఏడాది దానికి కారణమైన సూక్ష్మజీవికి పేరు పెట్టారు. 1919లో ఆ పేరును తానే సవరించి ఫైటాఫ్తొరా పామివోరా అన్నారు. ఇవాళ ప్రపంచంలో చాలాచోట్ల కోకో కాయను నల్లగా కుళ్లబెడుతున్నదీ, బొప్పాయిని చెడగొడుతున్నదీ ఈ జీవే. ప్రపంచమంతా తిరిగిన ఒక తెగులు శాస్త్రానికి చిక్కడంలో మన డెల్టా తాటిచెట్ల చావుకు ఇంత పాత్ర ఉందన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ఈ పాత కథను ఇప్పుడు తవ్వడానికి కారణం పెరళ్లలోనే ఉంది. కడియం నర్సరీల నుంచి లారీలకెత్తిన పామ్ మొక్కలు నేడు హైదరాబాద్ విల్లాల ముందూ, విజయవాడ అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గరా వరసగా నిలబడుతున్నాయి. వాటిలో ఎన్నో రెండు మూడేళ్లకే ఎండిపోతున్నాయి. తప్పు నీటిదనో, ఎండదనో, మట్టిదనో అనుకుంటాం. నిజానికి ఈ చావుల్లో చాలావాటికి మూలం వేరు. పామ్‌ను మనం మామిడి లాంటి, వేప లాంటి చెట్టుగానే చూస్తున్నాం. అది అలాంటిది కాదని గోదావరి తాటితోపులు నూరేళ్ల కిందటే చెప్పాయి. పెరటి పామ్‌ను గుర్తుపట్టడంలోనూ సాకడంలోనూ మొట్టమొదట తెలుసుకోవలసింది మొవ్వు గురించి. మిగతా సలహాలన్నీ దాని తర్వాతే.

వేపకొమ్మ నరికితే పక్కన నాలుగు చిగుళ్లు పుడతాయి. బెరడు చెక్కితే కొన్నాళ్లకు గాయం మూసుకుంటుంది. బెరడు కింద కొత్త కణాలు పుట్టించే పొర ఉంటుంది కనుకే మాను ఏటా లావెక్కుతుంది, గాయమూ మానుతుంది. తాటిజాతిలో ఆ పొర లేదు. తాడి, కొబ్బరి, పోక, ఈత, ఏదైనా సరే, కాండం తన లావును చాలావరకు నేలమట్టంలోనే సమకూర్చుకుని ఆ తర్వాతే పైకి లేస్తుంది. అందుకే తాటిమొక్క ఏళ్ల తరబడి ఎదగనట్టే కనిపిస్తుంది. పైకి లేచాక చెట్టు మొత్తానికీ పెరిగే చోటు ఒక్కటే, తలలో, ఆకు తొడుగుల మధ్య దాగిన మెత్తటి మొగ్గ, అదే మొవ్వు. ప్రతి ఆకూ, ప్రతి గెలా అక్కడే పుట్టాలి. ఆ మొగ్గకు ప్రత్యామ్నాయం లేదు. అది కుళ్లిన రోజే చెట్టు చచ్చినట్టు. అయితే అప్పటికే విచ్చిన ఆకులు నెలల తరబడి పచ్చగా ఉంటాయి గనుక యజమానికి ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. తెగులు బయటి ఆకు తొడుగు మీద మచ్చగా మొదలై, పొర వెంట పొర తొలుచుకుంటూ లోపలికి పోతుందని బట్లర్ గమనించారు. చూసేవాడికి కొంత వ్యవధి దొరుకుతుందన్నమాట. ఆ వ్యవధిలో తలవైపు చూసే అలవాటు ఉండాలి, అంతే.

తర్వాతి ఏళ్లలో మద్రాసు ప్రభుత్వం పెద్ద కార్యక్రమమే నడిపింది. తెగులు సోకిన చెట్ల తలలు నరికించి కాల్పించింది. మద్రాసులో ప్రభుత్వ మైకాలజిస్ట్‌గా చేసిన డబ్ల్యూ. మెక్రే ఆ పని చరిత్రను 1923లో ప్రత్యేకంగా గ్రంథస్థం చేశారు. ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. అంత నరికి కాల్చినా ఈ మొవ్వుకుళ్లు తెగులు నేటికీ కోనసీమ కొబ్బరిలో ఉంది కదా, ఆ శ్రమంతా ఏం సాధించినట్టు? తెగులును రూపుమాపడం మాటకొస్తే, సాధించలేదనే చెప్పాలి. వానాకాలపు చెమ్మ ఉన్నంతకాలం ఆ జీవి బతుకుతుంది. కానీ ఆ కార్యక్రమం పెట్టుకున్న నియమం నేటికీ చెల్లుతుంది. చెట్టును వేరుతో పెకలించనక్కరలేదు, తోపంతా తగలబెట్టనక్కరలేదు, జబ్బు ఉన్నది తలలో కనుక తల తీసి కాల్చేస్తే చాలు. పక్క చెట్టుకు రక్షణ అదే. చివరి దశలో ఉన్న చెట్టు విషయంలో నేటి ఉద్యానశాఖ సలహా కూడా ఇంతే. తొలి దశలో పట్టుకుంటే మాత్రం కుళ్లిన భాగాన్ని శుభ్రంగా చెక్కేసి, బోర్డో పేస్టు పూసి, వాన నీరు దిగకుండా కప్పితే చెట్టు దక్కే అవకాశముంది. చుట్టుపక్కల చెట్లకు ఒక శాతం బోర్డో మిశ్రమం, అంటే లీటరు నీటికి పది గ్రాముల మైలుతుత్తం, పది గ్రాముల సున్నం చొప్పున కలిపింది, మొవ్వు తడిసేలా పోస్తారు. వానలు ముదరక ముందే పోయాలి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. మొవ్వు అంత సుకుమారమైతే గీత కార్మికులు ఏటా ఈతచెట్టు కాండాన్ని చెక్కుతున్నా అది ఎలా బతుకుతోంది? తాటిలో, కొబ్బరిలో గీసేది పూగెలను. ఈతలో అలా కాదు, తల కిందనే కాండాన్ని చెక్కి కల్లు తీస్తారు. అయితే ఆ చెక్కే తీరు చూడండి. మొగ్గ జోలికి పోకుండా ఒక పక్కనే గాటు పెడతారు, మరుసటి ఏడాది ఎదురు పక్కకు మారతారు, నడుమ చెట్టుకు విశ్రాంతి ఇస్తారు. ఏళ్లు గడిచిన ఈతచెట్టు కాండం మీద మెట్లు మెట్లుగా కనిపించే గాట్లు ఒక్కటీ పూడుకోవు, చెట్టు బతికినంతకాలం అలాగే ఉంటాయి. గాయం మానదని తెలిసినవాడు ఎక్కడ గాయపరచాలో లెక్క చూసుకుని చేసే పని అది. నా వాదానికి అది సాక్ష్యమే అవుతుంది తప్ప ఎదురుదెబ్బ కాదు. దీపాల తీగలకోసం పామ్ కాండానికి మేకులు కొట్టేవాళ్లకు ఆ లెక్క తెలియదు. ఉన్న ఒక్క కాండం పోతే చెట్టే పోతుందన్న సంగతి కరువు కాలంలోనూ తేలింది. పద్దెనిమిదో శతాబ్దం చివర సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా ఉన్న విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కల మీద తాను వెలువరించిన గ్రంథంలో చిట్టీతను వర్ణించారు. దాని పొట్టి కాండంలోని పిండిని కొరత రోజుల్లో జనం తినేవారని రాశారు. ఆ పిండి కావాలంటే కాండం చీల్చాలి, చెట్టు చావాలి. ఒక ప్రాణానికి మరో ప్రాణం.

పెరట్లో మనం చేసే పెద్ద తప్పు ‘శుభ్రం’ చేయడం. పండగ ముందు మాలి వచ్చి కింది ఆకులన్నీ నరికి, నడుమ నాలుగు ఆకుల పిలక మాత్రం మిగిల్చి పోతాడు. చూడ్డానికి నీటుగా ఉంటుంది. ఈ పద్ధతిని నేను గట్టిగానే వ్యతిరేకిస్తాను. పామ్‌లకు పొటాష్ ఆకలి ఎక్కువ. మన కొబ్బరికి కూడా యూరియాకంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎక్కువ మోతాదులో వేయమంటారు. నేలలో అది చాలనప్పుడు చెట్టు ముసలి ఆకుల నుంచి దాన్ని లాగి కొత్త ఆకులకు పంపుతుంది. కింది ఆకుల కొసలు పసుపు, నారింజ రంగు తిరగడం ఆ సర్దుబాటుకే గుర్తు. పసుపెక్కిందని ఆ ఆకును నరికితే చెట్టు దాచుకున్న తిండిని లాక్కున్నట్టే. అప్పుడది పై వరస ఆకులను పీలుస్తుంది, వాటినీ మనం నరుకుతాం. పైగా పచ్చి మట్ట నరికిన ప్రతి చోటా కారే రసం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. అది కాండంలోకి తొలుచుకు పోయాక బయటికి కనిపించేది చిన్న రంధ్రమూ, పిప్పీ మాత్రమే. ఎండిన మట్టల్లో పాములు చేరవా, తేళ్లు చేరవా అని అడుగుతారు. పూర్తిగా ఎండి గోధుమరంగుకు మారిన ఆకును నిరభ్యంతరంగా తీసేయొచ్చు. పచ్చదనం ఏ కాస్త ఉన్నా వదిలేయమనే నేను చెప్పేది.

ఇక్కడే గుర్తుపట్టడం అవసరమవుతుంది. ఇవన్నీ తాటికీ కొబ్బరికీ చెందిన మాటలు, మా ఇంటిముందు ఉన్నవి విదేశీ జాతులు అనేవాళ్లు ఉంటారు. జాతి వేరు, ఊరు వేరు, ఒళ్లు మాత్రం ఒకటే. మన వీధుల్లో తరచూ కనిపించే రాయల్ పామ్ క్యూబా జాతీయ వృక్షం. అమెరికా సైన్యంలో ఇంజినీరైన రాయ్ స్టోన్ పేరు మీద 1900లో దాని ప్రజాతికి పేరు పెట్టారు. బాటిల్ పామ్ మారిషస్‌కు చేరువలోని రౌండ్ ఐలండ్ అనే చిన్న దీవిది. అక్కడ వదిలిన మేకలూ కుందేళ్లూ మొలకలన్నీ కొరికేయడంతో ఒక దశలో అడవిలో పదిలోపు చెట్లే మిగిలాయి. ప్రపంచంలోని తోటల్లో లక్షలుగా పెరుగుతున్న మొక్క పుట్టింట్లో అంతరించబోయిందంటే కారణం ఆ మొలకల ఏకైక మొగ్గ జంతువుల పళ్లకు అందే ఎత్తులో ఉండడమే. ఫాక్స్‌టైల్ పామ్ ఆస్ట్రేలియాలోని కేప్ మెల్విల్ కొండరాళ్ల నడుమ పుట్టింది. శాస్త్రీయంగా దాన్ని వర్ణించిందే 1983లో. వోడ్యెటి అనే ఆదివాసి పెద్ద పేరు దానికి పెట్టారు. ఈ మూడింటికీ కాండం పైన నున్నటి పచ్చని మెడ ఉంటుంది. ఆకు తొడుగులు ఒకదానిమీద ఒకటి బిగిసి మొవ్వును కాపాడే గొట్టమది. ఈ మెడ ఉన్న జాతుల్లో ముదిరిన ఆకు దానంతటదే ఊడిపడుతుంది. కత్తితో పనే లేదు. ఆకును బలవంతంగా చీల్చితే ఆ గొట్టానికి గాయమవుతుంది. తాడి, ఈత, వాషింగ్టోనియాల్లో మెడ ఉండదు, ఎండిన ఆకు వేలాడుతుంది. కత్తి పట్టేముందు మెడ ఉందా లేదా అని చూడడమే పెరటి యజమానికి అక్కరకొచ్చే మొదటి గుర్తింపు. పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు. ఆకు విసనకర్రలా విచ్చుకుంటే తాడి, వాషింగ్టోనియా వైపు. ఈకలా ఉండి మట్ట మొదట్లో ముళ్లుంటే ఈత, ఖర్జూరం వైపు. చేపతోకలాంటి చిరుఆకులు మళ్లీ పాయలు పాయలుగా చీలితే జీలుగు. జీలుగు ఒక వయసుకు వచ్చాక పైనుంచి కిందికి గెలలు వేసుకుంటూ వచ్చి చనిపోతుంది. అది తెగులు కాదు, దాని స్వభావం. సాగో పామ్ అని అమ్మే సైకస్ అయితే అసలు ఈ కుటుంబమే కాదు.

గుబురుగా పెరిగే అరెకా పామ్‌కు అనేక కాండాలున్నాయి కదా, ఒక మొవ్వు పోతే మరొకటి లేదా? నిజమే, ఇది నా వాదానికి మినహాయింపు. మడగాస్కర్ తూర్పు తీరానికి చెందిన ఈ మొక్క పిలకలు వేస్తుంది, ఒక కాండం పోయినా గుబురు బతుకుతుంది. అయితే పోయిన ఆ ఒక్క కాండం మళ్లీ చిగురించదు. ‘పొడవైంది, కాస్త కత్తిరిద్దాం’ అని క్రోటన్ కంచెను కోసినట్టు దాన్ని పైనుంచి కోస్తే మిగిలేది ఎండు గుంజలే. ఎత్తు తగ్గించాలంటే ముదురు కాండాన్ని నేలమట్టానికి తీసేయాలి.

నాటడంలో లోతు ఒక్కటే ముఖ్యం. వేళ్లన్నీ కాండం మొదలు నుంచే వస్తాయి, అవి లావెక్కవు. మర్రి, రావి వేళ్లలా పునాదులు పగలగొడతాయన్న భయం అక్కరలేదు. మొక్క మొదలును మాత్రం మట్టిలో పూడ్చకూడదు. కొబ్బరిని లోతు గుంతలో పెడతాం కదా అంటే, అక్కడ కూడా మొదలు మీదికి మట్టి రానివ్వరు, మొక్క ఎదిగేకొద్దీ గుంత పూడుస్తారు. కొత్తగా నాటిన లేత పామ్ తలలో మట్టి, పెంట, నీళ్ల తొట్టె కడిగిన మురుగు పడకుండా చూడాలి. ఎరువును కాండానికి మీటరు దూరంలో పాదులో వేయాలి. మాగని పెంటకుప్ప పక్కనే ఉంటే కొమ్ము పురుగు అందులోనే పుట్టి మొవ్వును తొలుస్తుంది. విచ్చుకున్న ఆకు కత్తెరతో కోసినట్టు కనబడితే అది వచ్చిపోయిందని అర్థం. లేత చెట్లకు పై మట్టల సందుల్లో రెండు మూడు నాఫ్తలీన్ ఉండలు వేసి ఇసుకతో కప్పడం తోటల్లో పాత పద్ధతే.

కొనేటప్పుడు ఎత్తు చూసి బేరమాడకండి. నడిమి ఆకు బిగువుగా, నిటారుగా ఉందో లేదో చూడండి. అది వదులుగా కదిలితే ఎంత చవకగా ఇచ్చినా ఆ మొక్క వద్దు. ఇంట్లో ఇప్పటికే ఉన్నవాటిని తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక మరోసారి తలెత్తి చూడండి. నడిమి ఆకు పాలిపోయి ఉంటే, మిగతా ఆకులెంత పచ్చగా ఉన్నా, ఆ వారంలోనే ఉద్యాన అధికారికి చూపించండి.