చేయించినవారు - చెప్పినవారు

ఒక యూరి కథ వేఱొక దేశమున కొండమీద శిల్పమై నిలుచుట చరిత్రలో తఱచుగా జరుగదు. మన యిందూరు సీమలోని బోధను విషయమున నట్టిది జరిగినదని తలచుటకు తగిన యాధారములు కలవు. కర్ణాటదేశమున శ్రవణబెళగొళమునందు సుమారు 57 అడుగుల యెత్తున ఏకశిలలో మలచబడిన బాహుబలి విగ్రహమును లోకమంతయు నెఱుగును. ఆ విగ్రహమును చేయింపవలెనను తలంపు పుట్టినది మాత్రము పౌదనపురమను నూరి కథను వినుటవలన. ఆ పౌదనపురము మన బోధనే యని చరిత్రకారులు పెక్కుర యభిప్రాయము. ఈ సంగతి వినినచో బోధను నివాసులకు గర్వము కలుగుట సహజమే. కాని గర్వముకంటె నుపయోగకరమైన ప్రశ్న యొకటి యిందు దాగియున్నది. ఊరికథను కన్నులకు గట్టించు పనిని చేయించువా రెవరు? ఆ కథను వారికి చెప్పువా రెవరు? ఈ యిరువురికి నడుమ సంబంధ మెట్లుండవలెను?

బౌద్ధగ్రంథములు పేర్కొనిన పదునాఱు మహాజనపదములలో అశ్మకము గోదావరీ ప్రాంతమునకు జెందినది. దాని రాజధాని పోతన. జైనపురాణములలో బాహుబలి యేలిన పట్టణము పౌదనపురము. కన్నడమున ఆదికవియైన పంపడు తన భారతకావ్యమున బోదన యను పేరు వాడి, వేములవాడ చాళుక్యుల పూర్వుడైన యుద్ధమల్లుడు అచట నూనె నింపిన కోనేట ఏనుగులకు జలకమాడించెనని వర్ణించెను. పేరు కొంత మాఱుచు వచ్చినను ఊరు మాఱలేదని పండితులు దీనిని బట్టి నిర్ణయించిరి. ఆ పంపకవియే 941లో ఆదిపురాణమును రచించి భరతబాహుబలుల కథను కావ్యమున నిలిపెను. అన్నదమ్ములు రాజ్యమునకై పోరిరి. తమ్ముడు గెలిచెను, గెలిచిన క్షణముననే రాజ్యమును రోసి తపమునకు బోయెను. ఓడినవాడు విరక్తుడగుట వింత కాదు. గెలిచినవాడు విరక్తుడగుటయే ఈ కథకు ప్రాణము.

గంగరాజైన రాచమల్లుని మంత్రియు సేనానియునగు చాముండరాయడు ఈ కథను వినినవాడు. 1180 ప్రాంతమున బొప్పణపండితుడు రచించిన శాసనకావ్యము బెళగొళమున నేటికిని కలదు. దానినిబట్టి చూడగా, భరతుడు తమ్ముని రూపమును 525 ధనువుల యెత్తున పౌదనపురమునొద్ద నిలిపెను. కాలక్రమమున ఆ చోటు కుక్కుటసర్పములతో నిండి మానవులకు చొరరానిదయ్యెను. చాముండరాయడు చూడగోరగా పెద్దలు అది దూరమనియు దుర్గమమనియు వారించిరి. అంతట నతడు అట్టి రూపమును తానే చేయింతునని పూనెను. పదియవ శతాబ్దము ముగియుటకు సుమారు ఇరువది యేండ్లముందు ఆ విగ్రహము నిలిచినది. చూడ వీలులేని విగ్రహమును గూర్చిన కథయే చూడదగిన విగ్రహమునకు మూలమైనదన్నమాట.

ఆ విగ్రహపాదములకడ కన్నడ, తమిళ, మరాఠీ భాషలలో చిన్న శాసనములు కలవు. చాముండరాయడు చేయించెనని వాని సారాంశము. వ్యాకరణము చదివినవారు గమనింపదగిన విశేషము, మూడు భాషలయందును ప్రేరణార్థకక్రియయే వాడబడుట. చేసెనని లేదు, చేయించెననియే కలదు. ఉలిపట్టిన శిల్పి పేరు ఆ పంక్తులలో లేదు. పౌదనపురకథను తరతరములుగా చెప్పుచు వచ్చినవారి పేరు అసలే లేదు. చేయించినవాడు మాత్రము మూడు భాషలలో నిలిచినాడు.

ఐతే జనులు ఊరకుండలేదు. శాసనమున లేని మాటను స్థలపురాణమున చేర్చిరి. విగ్రహప్రతిష్ఠానంతరము చాముండరాయడు కడవలకొలది పాలతో అభిషేకము చేయించినను పాలు పాదములవఱకు దిగలేదట. అపుడు పేదముసలి యొకతె గుళ్ళకాయచిప్పలో తెచ్చిన కొలదిపాలు పోయగా, అవి శిరస్సునుండి పాదములవఱకు పాఱి కొండదిగువకు ప్రవహించెనట. గుళ్ళకాయజ్జి యను ఆ ముసలిదాని విగ్రహము నేటికిని గోమటేశ్వరుని కెదుట నిలిచియున్నది. ఇది జరిగినదా యని విచారించుట చరిత్రకారుని పని. జనులు ఈ కథ నేల కల్పించుకొనిరని విచారించుట మనపని. ఒక్కడు చేయించిన విగ్రహము అందఱిది కావలెనన్నచో, ఏమియు లేనివాని చేతి చిప్పెడు పాలుకూడ దానిమీద పడవలెను. ఈ న్యాయమునే వారు కథగా చెప్పిరి.

చెప్పువారు లేకపోయినచో నేమగునో తెలిసికొనుటకు దూరము పోనక్కఱలేదు. కరీంనగరము సీమలో కురిక్యాలయొద్ద పంపకవి తమ్ముడు జినవల్లభుడు ఒక గుట్టమీద చక్రేశ్వరీదేవిని, జినమూర్తులను చెక్కించి, సంస్కృత కన్నడ భాషలతో పాటు తెనుగున కందపద్యములను గూడ వ్రాయించెను. తెలుగు కందపద్యచరిత్రమునకు అది యమూల్యమైన యాధారము. ఆ గుట్టకు జనులు పెట్టుకొనిన పేరు బొమ్మలగుట్ట. రాయి నిలిచినది, అక్షరము నిలిచినది; చెప్పువారి వంశము తెగిపోయినది. దేవతలు, జినులు నందఱును వట్టి బొమ్మలైరి. కళకు శత్రువు ఎండవానలొక్కటియే కాదు; కథ నోటనుండి జాఱిపోవుటయు శత్రువే.

దీనికి మాఱుగా మన తెలంగాణమునందే, రాజులతో నిమిత్తములేక, కులవృత్తులవారు తమ కథలను తామే చిత్రింపజేసికొనిన పద్ధతి యొకటి కలదు. నేటి సిద్ధిపేటజిల్లాలోని చేర్యాలలో నకాషీలు వ్రాయు పటములు అట్టివి. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు కథకులు. పటమును చేయించువాడు కథకుడు; అతనిని పోషించునది అతడు కథచెప్పు కులము; వ్రాయువాడు నకాషీ. గుడ్డకు గంజియు సుద్దమన్నును చింతగింజల జిగురును కలిపి పూసి, ఎఱ్ఱని నేలమీద అంతస్తులు అంతస్తులుగా కథను వ్రాయుదురు. వెడల్పు మూడడుగులైనను నిడివి పదులకొలది అడుగులుండును. పటము పూర్తికాగా పూజచేసి కన్నులు దెఱపింతురు. రాత్రివేళ రెండు కఱ్ఱలకు కట్టి, ఒక్కొక్క యంతస్తును విప్పుచు, పుల్లతో చూపుచు, కథకుడు పాడును. వినువారు ఆ కథనెఱిగినవారే. అందుచేత నకాషీ వ్రాతలో తప్పుదొరలినను, కథకుని మాటలో తప్పుదొరలినను అచటనే పట్టుబడును.

ఇందూరునందు పద్మశాలీలు పెక్కుమంది. మార్కండేయుని వంశమున భావనాఋషి పుట్టుట, అతడు తామరతూండ్ల నూలుతో దేవతలకు వస్త్రము నేయుట వారి పురాణము. ఈ కథను చిత్రించిన 1625 నాటి పటమొకటి హైదరాబాదున జగదీశ్ కమలా మిత్తల్ మ్యూజియమున భద్రముగా నున్నది. నాలుగువందల యేండ్లుగా మగ్గమువద్ద వంగియున్న మనుష్యునితో ఈ కథ పలికిన మాట యేమి? నీవు నేసిన బట్టను దేవతలు కట్టిరి. నీ పని నీచముకాదు అనియే. పటము జీర్ణించినప్పుడు దానిని పాఱవేయరు. పూజించి నదిలో విడిచి క్రొత్తపటమును వ్రాయించుకొందురు. ఇందుచేత బొమ్మ నశించును గాని కథ నశింపదు. రాజు చేయించినది రాయిగా నిలిచినది. కులము చేయించినది అలవాటుగా నిలిచినది.

ఈ పద్ధతిని పొగడి యూరకుండుట ధర్మముకాదు. ఏ కులమునకు ఆ కులపు పటమే కాని, సాలెవాడ పటమును మాదిగవాడ చూడలేదు. మాదిగవాడ పటమును ఊరు చూడలేదు. సృష్టికంటె ముందే జాంబవుడు పుట్టెనని జాంబపురాణమును గొంతెత్తి చెప్పు డక్కలివాడు తాను కథచెప్పు వాడలోనే అంటరానివాడుగా నుండెను. స్వాభిమానమును నేర్పిన కళయే గోడలను గూడ కాపాడినది. నేడు పట్టణమున నడివీథిలోని గోడ అందఱి కంటబడునది. ఒక్క వాడకు చెప్పిన కథను అందఱి యెదుట చెప్పవలసివచ్చినది గనుక మన పని పూర్వులపనికంటె కష్టమైనది.

చేయించినవారు లేకయే జనుల జ్ఞాపకమున నిలిచిన గోడయు నిందూరునందు కలదు. 1948లో ఖిల్లా జైలునందు బందీగానున్న దాశరథి కృష్ణమాచార్యులు, పండ్లుతోముకొనుటకిచ్చిన బొగ్గుతో నిజాముపై పద్యములను గోడకెక్కించెను. వట్టికోట ఆళ్వారుస్వామి అచట నతని తోడిబందీ. ఆ వ్రాత కెవరును సొమ్మీయలేదు, ఆవిష్కరణోత్సవమును జరుపలేదు. అయినను ఖిల్లాకు వచ్చువారు మొదట అడుగునది ఆ గోడనే. కథ ప్రజలదైనచో బొగ్గుగీతకును పాలరాతికిని భేదములేదు.

ఇపుడు మన పట్టణములలో కూడళ్ళయందు విగ్రహములు, వంతెనలక్రింద వర్ణచిత్రములు నానాటికి పెరుగుచున్నవి. ఇది మంచిదే. కాని కథ యెవరిదో వారినడుగక రూపమును నిర్ణయించుట యెంత చిక్కు తెచ్చునో రాష్ట్రమంతయు చూచినది. 2024 డిసెంబరు 9వ తేదీన హైదరాబాదు సచివాలయమున తెలంగాణతల్లి నూతనవిగ్రహ మావిష్కరింపబడినపుడు, పూర్వరూపముననుండిన కిరీటమును బతుకమ్మయు నిందు లేవని వివాదము చెలరేగెను. ఎవరి పక్షము మంచిదను విచారణ నాకిచట పనిలేదు. తల్లిరూపమును గూర్చి బిడ్డలకు చెప్పవలసిన మాట యుండునని మాత్రము దానివలన తేలినది.

బోధనులో రేపొక గోడను చిత్రింప నెంచినచో ఏ కథను వ్రాయుదురు? బాహుబలి విరాగమా? భీముడు బకుని జంపిన యేకచక్రపురము తమ యూరేయని స్థానికులు చెప్పుకొను కథయా? 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరపు నీటితో చెఱకు పెరిగిన కథయా, ఆ నీట మునిగిన పల్లెల కథయా? 1930ల చివర శక్కర్‌నగరున వెలసి 2015 డిసెంబరులో మూతపడిన చక్కెర కర్మాగారపు కూలీల కథయా? ఇందూరునందు మగ్గము విడిచి బీడీలు చుట్టుచున్న పద్మశాలి స్త్రీలను భావనాఋషి ప్రక్క నిలుపుదురా? ఒక యూరికి ఒక్కటే కథ యుండదు. ఏ కథను విడిచితిమో అదియే కొన్నియేండ్లకు ఆ గోడమీద నీడవలె కనబడును.

కావున మునిసిపాలిటీవారికిని, సొమ్మిచ్చు దాతలకును నా విన్నపము చిన్నది. టెండరుకు ముందు కథను పిలువుడు. వాడవాడ పెద్దలను, ముఖ్యముగా స్త్రీలను, కూర్చుండబెట్టి వినుడు. చిత్రకారుడు వ్రాసిన మచ్చును బహిరంగమున వ్రేలాడగట్టి, తప్పులుపట్టుటకు జనులకు వ్యవధినిండు. చేయించినవారి పేరుతోపాటు వ్రాసినవారి పేరును, చెప్పినవారి పేరును సమానమైన యక్షరములతో చెక్కింపుడు. పటమువలె గోడయు జీర్ణించునని యెఱిగి, మరల వ్రాయించుటకు సొమ్మును ముందే ప్రత్యేకించి యుంచుడు. చదువరులైన గృహస్థులు చేయదగినదియు కలదు. మీ యింటి ముసలమ్మ చెప్పు ఊరికథను ఈ వేసవి సెలవులలో పిల్లలచేత కాగితమున వ్రాయింపుడు. గోడను ప్రభుత్వము కట్టింపగలదు. దానిమీది కథ మాత్రము మన యిండ్లనుండియే పోవలెను.