తోటకు జిల్లేడు కూడా కావాలి

చీరాలలో పాడుబడిన పార్కును సీతాకోకచిలుకల తోటగా బాగుచేయాలనుకునే మిత్రులారా, నర్సరీకి వెళ్ళేముందు ఒక పాత సంగతి వినండి. 1781లో సామర్లకోట చేరిన విలియం రాక్స్‌బరో దొర అక్కడ తోట పెంచి, మన తీరపు మొక్కలను తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు. 1787 ఉప్పెనలో పుస్తకాలు, కాగితాలు పోతే మళ్ళీ మొదలుపెట్టాడు. 1795 నుంచి ఆ మొక్కల బొమ్మలు లండన్‌లో అచ్చయ్యాయి.

జిల్లేడును ఆయన వదలలేదు. మనమే కలుపని పీకేస్తున్నాం. సీతాకోకకు పూలతేనె చాలు, దాని గొంగళిపురుగుకు మాత్రం ఆకు కావాలి. నల్లంచు నారింజ సీతాకోక జిల్లేడు మీద, ఎర్రమచ్చల నల్లది ఈశ్వరి తీగ మీద, మరొకటి నిమ్మ, కరివేప, మారేడు ఆకుల మీద గుడ్లు పెడతాయి. ఆకులు చిల్లులు పడ్డాయని మందు కొట్టించకండి. పత్తి, మిరప చేల అలవాటు మనది, చేయి ఆగదు! జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. మనవలు ఆడుకునే చోట కాక, కంచె పక్కన నాటండి.