సమాధుల తోట నుంచి నివాసాల తోటకు: సింగపూర్ బిదాదరి

సింగపూర్‌లోని బిదాదరికి ఆ పేరు మలయ్ భాష నుంచి వచ్చింది. దేవకన్య అని దాని అర్థం. సంస్కృతంలోని 'విద్యాధరి' దానికి మూలం. 19వ శతాబ్దంలో అది జోహోర్ పాలకుడు అబూ బకర్ భార్య జుబైదా నివసించిన భవనం పేరు. తరువాత ఆ ఎస్టేటు మునిసిపాలిటీ చేతికి వచ్చి, 1908లో అక్కడ క్రైస్తవుల సమాధుల తోట ప్రారంభమయింది. కాలక్రమంలో ముస్లింలకు, హిందువులకు, సింహళీయులకు కూడా విభాగాలు ఏర్పడ్డాయి. 1972లో ఖననాలు ఆగిపోయాయి. ఆపైన దశాబ్దాల పాటు ఆ నేలను పెద్దగా ఎవరూ కదిలించలేదు. నిద్రగన్నేరు చెట్లు ఏపుగా పెరిగాయి. ఉత్తరాసియా నుంచి వలస వచ్చే పక్షులకు అది విడిది అయింది. మృతులకు కేటాయించిన నేల కనుకనే నగరం నడుమ ఆ పచ్చదనం మిగిలింది.

ఖాళీ స్థలం చుట్టూ ఇళ్ళను అమర్చాలన్న ఆలోచన పాతదే. ఎబెనెజర్ హోవర్డ్ 1898లో ఉద్యాననగర భావనను ప్రతిపాదించాడు. 1929లో అమెరికాలో మొదలైన రాడ్‌బర్న్‌లో ఇళ్ళు వీధివైపు కాక ఉమ్మడి పార్కువైపు తిరిగి ఉంటాయి. ఈ నమూనాలలో ఖాళీ స్థలమే ఇళ్ళ అమరికను నిర్ణయించింది.

సింగపూర్‌లో ప్రాధాన్యక్రమం వేరు. మురికివాడల నుంచి ప్రజలను తరలించవలసిన అవసరం నుంచి 1960లో గృహనిర్మాణ మండలి పుట్టింది. 1966 నాటి భూసేకరణ చట్టం భూమిని ప్రభుత్వానికి అందుబాటులోకి తెచ్చింది. 1967లో ఉద్యాననగర లక్ష్యాన్ని ప్రకటించినప్పటికీ, ఆనాటి పచ్చదనం ప్రధానంగా నాటి పెంచినది. ముందు ఇళ్ళ లెక్క తేలేది, ఆపైన చెట్లు వచ్చేవి.

బిదాదరి వంతు వచ్చేసరికి ఈ పద్ధతికి పరీక్ష ఎదురయింది. 2001–2006 మధ్య లక్షకు పైగా సమాధులను తవ్వి తీశారు. క్రైస్తవుల అవశేషాలను దహనం చేసి చోవా చూ కాంగ్‌లోని అస్థికల మందిరానికి చేర్చారు. ముస్లింల అవశేషాలను అదే ప్రాంతంలో పునఃఖననం చేశారు. కొన్ని సమాధిఫలకాలతో 2004లో ఒక స్మారక ఉద్యానం ఏర్పడింది. 2013లో వెలువడిన ప్రణాళిక 93 హెక్టార్లలో సుమారు 10,000 ప్రభుత్వ ఫ్లాట్లను, 10 హెక్టార్ల పార్కును ప్రతిపాదించింది. వలసపక్షుల నమోదులను చూపి అంతకంటె ఎక్కువ వనాన్ని నిలపాలని ప్రకృతి పరిరక్షణ సంఘం కోరింది. ప్రణాళికలో కొంత పాత వనభూమి పార్కులో భాగంగా నిలిచింది; నిద్రగన్నేరు చెట్లున్న పాత అప్పర్ అల్జునీడ్ రోడ్డు పాదచారుల మార్గమయింది.

పార్కులోని అల్కాఫ్ సరస్సు మాత్రం కొత్తగా తవ్వినది. రెండు ప్రపంచయుద్ధాల మధ్య ఒక అరబ్ వర్తక కుటుంబం ఆ పరిసరాల్లో నెలకొల్పిన జపాన్ తరహా తోట పేరును దానికి పెట్టారు. భారీ వర్షాలలో వరదనీటిని ఆపి, నెమ్మదిగా వదలడం దాని అసలు పని. ఫ్లాట్ల అమ్మకం 2015లో మొదలయింది. పార్కు 2024లో తెరుచుకుంది.

ఇళ్ళ వాదనను తేలికగా తీసివేయలేము. కొద్దిపాటి భూమి గల ఆ ద్వీపంలో స్థిరనివాసులలో దాదాపు ఐదింట నలుగురు మండలి ఫ్లాట్లలోనే ఉంటున్నారు. అయితే పార్కు విస్తీర్ణం ఒక్కటే పరిరక్షణకు కొలత కాజాలదు. పచ్చిక, కాలిబాట, సరస్సు మనుషుల విశ్రాంతికి సరిపోతాయి. అడవిపక్షికి కావలసినది గుబురు, నిశ్శబ్దం, ఎడతెగని చెట్లనీడ. 2016లో ప్రకటించిన తెంగా పట్టణంలో 700 హెక్టార్లకు గాను 100 మీటర్ల వెడల్పు, 5 కిలోమీటర్ల పొడవు గల అటవీ మార్గాన్ని చేర్చడం ఈ తేడాను గుర్తించినట్టే. కానీ అది కూడా 42,000 ఇళ్ళ కోసం ఎక్కువ భాగం తొలగిపోయే వనం నుంచి మిగిల్చిన పట్టీ. తోట అయినా, అటవీ మార్గం అయినా, దాని కొలతను ఇప్పటికీ ఇళ్ళ లెక్కే నిర్ణయిస్తున్నది.