పట్టాల కింద దారి

మా కొల్లాపూర్‌కు ఇప్పటికీ రైలు రాలేదు. చదువుకోసం సికింద్రాబాద్ వచ్చాకే తుకారాంగేటు చూశాను. గేటు పడిందంటే ఇటువాళ్లు ఇటే, అటువాళ్లు అటే.

1874లో నిజాం ఖర్చుతో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు వెలిసింది. తెలుగూ ఉర్దూ మాట్లాడే చేతులు ఒకే సుత్తి పట్టాయి. ఊళ్లను కలిపిన ఆ పట్టాలే బస్తీలను మాత్రం రెండుగా చీల్చాయి.

2022 మార్చిలో తుకారాంగేటు దగ్గర పట్టాల కింద దారి తెరిచారు. ఇలాంటి దారులు చాలాచోట్ల ఎలా వేస్తారో తెలుసా? కట్ట పక్కనే కాంక్రీటు పెట్టెలు పోతపోసి, జాకీలతో లోపలికి నెడతారు. పైన రైళ్లు మెల్లగా నడుస్తూనే ఉంటాయి. కలపడానికి పైనున్నదాన్ని కూల్చనక్కర్లేదు. 1992 డిసెంబర్ 6న మసీదును కూల్చి, చరిత్రను దిద్దామన్నవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఒకప్పుడు ఈ నగరంలోనే నా పేరు విన్నాక, ఖాళీగా ఉన్న గది లేదన్నారు. ఆ గడపకూ నాకూ మధ్య ఏ పట్టాలున్నాయి, ఏ గేటుంది?

దారి తెరిస్తే పని అయిపోదు. వానొస్తే నీళ్లు నిలుస్తాయి, తోడుతూనే ఉండాలి. మనుషుల మధ్య దారీ అంతే. తోడే పని మన ఇరువైపులవాళ్లదీ.