అడ్జస్టు కావలసింది ఎవరు?

తార్నాకలో బస్సెక్కామంటే మొదట వినపడే మాట, "కాస్త అడ్జస్టవండి!" ఇద్దరు కూర్చున్న సీటులో మూడో మనిషికి చోటు దొరుకుతుంది. దిగి ఇంటికొస్తే అక్కడా అదే మాట. కోడలు అడ్జస్టు కావాలి, తోడికోడలు అడ్జస్టు కావాలి. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని బామ్మగారు కూడా ఇదే అంటారు. ఇంతకీ ఈ మాట పుట్టిల్లెక్కడో ఎప్పుడైనా ఆలోచించారా?

తార్నాకను ఆనుకునే ఉస్మానియా ఆవరణ ఉంది. 1918లో ఉస్మానియా ఏర్పడినప్పుడు బోధన ఉర్దూలో సాగేది. ఇంగ్లీషు తప్పక చదవాల్సిన ఒక పాఠం మాత్రమే. ఆ పక్కనే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం 1958లో ఇంగ్లీషు పంతుళ్లకు శిక్షణ ఇచ్చే సంస్థగా మొదలై, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. భాషలు చదివేవాళ్లు మాటల వంశవృక్షాలు కూడా వెదుకుతారు.

అలా వెదికితే 'అడ్జస్టు' పుట్టిల్లు ఇంగ్లండు కాదు, లాటిను. 'అడ్' అంటే వైపుకు, 'యుక్స్తా' అంటే పక్కన. వెరసి, దగ్గరకు చేర్చడమన్నమాట! ఫ్రెంచి వాళ్లింట కొంతకాలం ఉండి ఇంగ్లీషుకు వచ్చింది. దారిలో ఓ చిన్న పొరపాటు జరిగింది. న్యాయమని అర్థమొచ్చే 'జస్ట్' పోలిక ఇందులో చూసి, సరిగ్గా, న్యాయంగా అమర్చడమనే అర్థాన్ని జనం దీనికి జోడించారు.

ఇంకో విశేషం వినండి. సంస్కృతం, గ్రీకు, లాటిను ఒకే మూలం నుంచి పుట్టి ఉంటాయని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ చెప్పారు. తర్వాతి పండితులు 'యుక్స్తా'కూ, మన 'యోగం', 'యుగ్మం' అనే మాటలకూ ధాతువు ఒకటేనన్నారు. సంస్కృతంలో 'యుగం' అంటే కాడి కూడాను.

కాడి కింద ఎడ్లు రెండు కదూ? ఒకటే మెడ వంచి, రెండోది తన దారిన తాను నడిస్తే చాలు వంకర పోతుంది.

మన తెలుగు మాటా చూడండి. బీరువా 'సర్దితే' ప్రతి వస్తువుకూ చోటు దొరుకుతుంది. ఆడపిల్లను 'సర్దుకుపో' అంటే మాత్రం, ఉన్న చోటు వదులుకోమనే!

మాట మూలం తెలిసినంత మాత్రాన కాపురాలు మారిపోవు, నిజమే. కానీ ఈసారి ఎవరైనా "నువ్వే అడ్జస్టు కావాలమ్మా" అంటే, "అలాగేనండీ, మీరూ కాస్త జరగండి" అని నవ్వుతూ అనొచ్చు. బస్సులోనైనా అందరూ తలా కాస్త జరిగితేనే కదా, మూడో మనిషికి చోటు!