డ్రైవరు ప్యాచీల పరిష్కర్తలు

డ్రైవరనఁగానే మనకు బస్సు నడపువాఁడు స్ఫురించును. నేను నేఁడు ప్రస్తావింపఁబోవు డ్రైవరు మనుష్యుఁడు కాఁడు. అది యొక చిన్న గ్రంథము. కంప్యూటరునకు ముద్రణయంత్రమునో, తెరనో, నెట్‌వర్కు కార్డునో తగిలించినపుడు ఆ యుపకరణము యొక్క భాష నెఱిఁగి దానిచేఁ బని చేయించు ప్రోగ్రామునకు డ్రైవరని పేరు. ఇట్టి డ్రైవర్లను తన కడుపులో నిడుకొని, యంత్రము యొక్క జ్ఞాపకస్థలమును, కాలమును తక్కిన ప్రోగ్రాములకుఁ బంచిపెట్టు మూలభాగమును కెర్నెలందురు. కెర్నెలనఁగా గింజలోని పప్పు. పేరు పెట్టినవాఁడు రసికుఁడే.

కెర్నెళ్లలో లినక్సు లోకప్రసిద్ధము. ఫిన్లండు దేశమందలి హెల్సింకి విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నుండిన లైనస్ టోర్వాల్డ్స్, తాను వినోదార్థమొక ఆపరేటింగ్ సిస్టమును వ్రాయుచున్నానని 1991 ఆగస్టు 25వ తేదీని ప్రకటించెను. 1992లో నది జీపీఎల్ అను లైసెన్సు క్రిందికి వచ్చెను. అప్పటినుండి దాని మూలపాఠము నెవరైనను చదువవచ్చును, మార్పవచ్చును. మార్చినదానిని పరులకుఁ బంచినచో మూలమును గూడ నీయవలెను. 1994 మార్చిలో వెలువడిన 1.0 కూర్పునందు సుమారు 1,76,000 పంక్తులుండెను. 2020 నాఁటికవి రెండున్నర కోట్లు మించినవి. అందు సగమునకుఁ బైగా డ్రైవర్లే.

ఇన్ని పంక్తులను వ్రాసినవారు వేలకొలఁది జనులు, ఒకరి ముఖమొకరెఱుఁగరు. వారు పంపు సవరణకు ప్యాచి యని పేరు. చిరిగిన పంచెకు మన యిండ్లలో వేయు మాసిక వంటిది. తీసివేయవలసిన పంక్తికి ముందు తీసివేత గుర్తు, చేర్పవలసినదానికి ముందు కూడిక గుర్తు, పైన నీ మార్పేల యను వివరణము: ఇంతియే దాని స్వరూపము. రెండు ప్రతుల భేదమును చూపు డిఫ్ అను పనిముట్టు 1970 దశకపు తొలినాళ్లలో బెల్ ప్రయోగశాలలోఁ బుట్టెను. ఆ భేదపత్రమును జదివి పాతప్రతిని దిద్దు ప్యాచి యను ప్రోగ్రామును లారీ వాల్ 1985లో వ్రాసెను. ప్రత్యంతరముల నెదుట నిడుకొని పాఠభేదములను పుట యడుగున గుర్తించుట నేర్చిన నావంటి పండితునకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. నా పూర్వవిద్యార్థి యొకఁడు ఈ వృత్తిలోనే యున్నాఁడు. ఆతఁడు బోధింపఁగా నేను విద్యార్థినై వింటిని.

డ్రైవరు ప్యాచిని పరిష్కర్త యెట్లు చదువును? మొదట, ఒక ప్యాచి యొక్క పనియే చేయుచున్నదా యని చూచును. దోషమును దిద్దుచు, పేర్లను మార్చుచు, నడుమ ఖాళీలను సరిచేయుచు వచ్చిన ప్యాచిని విడఁగొట్టి తెమ్మని త్రిప్పి పంపును. అక్షరదోషములవంటి పైపై తప్పులను పట్టుటకు చెక్‌ప్యాచి యను ప్రోగ్రాము గలదు. కావున మనుష్యుని కన్ను లోతునకుఁ బోవలెను. డ్రైవరు మొదలగునపుడు జ్ఞాపకస్థలమును గోరును, తరువాత నుపకరణమును తెఱచును, పిదప సంకేతమును గ్రహించు నేర్పాటు చేయును. మూఁడవ మెట్టున విఘ్నము కలిగినచో రెండవదానిని, ఆపై మొదటిదానిని వరుస తప్పక విడిచి దిగిరావలెను. మూఁడు తలుపులు తెఱచి లోనికిఁ బోయినవాఁడు తిరిగివచ్చునపుడు లోపలి తలుపునుండి మూయుచు రావలె గదా. సుఖముగా నడచు మార్గమును వ్రాసినవాఁడే పరీక్షించి యుండును. విఘ్నమార్గమును నడచి చూచినవారు తక్కువ. అనుభవజ్ఞుఁడైన పరిష్కర్త చూపు ముందుగా నక్కడికే పోవును. తాళము వేసిన చోట నిద్రపోఁదగని వేళ ప్రోగ్రాము నిద్రించునా, వెలుపలినుండి వచ్చిన కొలఁదిని నమ్మి హద్దు దాఁటి వ్రాయునా యని తరువాతఁ జూచును.

ఈ శ్రద్ధ యతిశయము కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 2001లోఁ బ్రకటించిన పరిశోధనమునందు, డ్రైవర్లలోని దోషముల పాలు కెర్నెలులోని తక్కిన భాగములందుకంటె మూఁడు మొదలేడు రెట్ల వఱకు హెచ్చని తేలినది. డ్రైవరును వ్రాయువానికిఁ దన యుపకరణము తెలిసినంతగాఁ గెర్నెలు తెలియదు; కెర్నెలు తెలిసినవాని యొద్ద నా యుపకరణముండదు. చేతిలో లేని యంత్రమునుగూర్చి వ్రాసినదానిని కేవల పఠనముచేతనే తీర్పు చెప్పవలసివచ్చుట ఈ పనిలోని గొప్ప కష్టము.

తొలినాళ్లలో ప్యాచీలన్నియు టోర్వాల్డ్సునకే చేరెడివి. ఆయనకు తీఱిక లేక విడిచిన ప్యాచి విడిచినట్లే. పంపినవాఁడు మరల మరలఁ బంపవలెను. ఒక్కఁడింత భారమును మోయఁజాలఁడని 1998లోఁ గలహమే రేఁగినది. 2002లో బిట్‌కీపరను పనిముట్టు నాశ్రయించిరి. దానిని ఉచితముగా వాడుకొనుటకు 2005లో వీలు తప్పఁగా టోర్వాల్డ్సు ఆ యేప్రిలులోనే గిట్ అను క్రొత్త పనిముట్టును నిర్మించెను. అదియిపుడు కెర్నెలు నెఱుఁగనివారికిని నిత్యోపయోగమైనది. నా మతమున, పనిముట్టు కంటె ముఖ్యమైనది దానితోఁ గుదిరిన శ్రేణి. ఒక్కొక్క డ్రైవరునకు రక్షకుఁడు, డ్రైవర్ల సముదాయమునకు వేఱొక రక్షకుఁడు, అందఱికిపైఁ టోర్వాల్డ్సు.

2003లో ఎస్‌సీఓ యను సంస్థ, తమ సొత్తగు పంక్తులు లినక్సులోఁ జేరినవని వ్యాజ్యమాడెను. ఏ పంక్తి యెవరి చేతిమీఁదుగా వచ్చినదో చూపవలసిన యవసరము తోఁచి, 2004లో ప్రతి ప్యాచి చివరను ‘సైన్డ్-ఆఫ్-బై’ యని వ్రాసి, కర్తయు, దానిని పైకిఁ బంపిన ప్రతివాఁడును తన పేరు చేర్పవలెనని నియమము పెట్టిరి. పిమ్మట పరిష్కర్తకుఁగూడ ‘రివ్యూడ్-బై’ యని వేఱు పంక్తి యేర్పడినది. మన తాళపత్రముల చివర లేఖకులు, చూచినది చూచినట్లు వ్రాసితిమి, తప్పున్న మమ్ము దూషింపవలదని ప్రార్థించెడివారు. ఇచ్చట వరుస తలక్రిందులు: పేరు పెట్టుటయే ప్రశ్న వచ్చినపుడు పలుకుదునని యొప్పుకొనుట.

పరీక్షకు నిలువని డ్రైవర్లను పాఱవేయక ‘స్టేజింగ్’ అను వసారాలోఁ గూర్చుండఁబెట్టు పద్ధతిని 2008లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ప్రారంభించెను. 2009లో మైక్రోసాఫ్టువారు సమర్పించిన సుమారు 20,000 పంక్తుల డ్రైవర్లు గూడ ఆ వసారాలోఁ గూర్చుండి, చక్కఁబడిన పిదపనే 2011, 2012 సంవత్సరములలోఁ గ్రమముగా లోనికి వచ్చినవి. పెద్ద పేరు చూచి తలుపు తీయలేదు.

ఆ 2008లోనే జరిగిన యొక కథ వినఁదగినది. 2.6.27 కూర్పు పరీక్షాదశలో నుండఁగా, ఇంటెల్‌వారి కొన్ని నెట్‌వర్కు కార్డులు నిర్జీవములగుట కనఁబడెను. ప్రోగ్రాము చెడినచో మరల వేసికొనవచ్చును. ఇచ్చటఁ గార్డు తన చిరునామాను వ్రాసికొన్న చిప్పే పాడయ్యెను. సహజముగా నందఱును ఇ1000ఇ యను ఆ కార్డు డ్రైవరును నిందించి, దాని పంక్తులన్నియు వెదకిరి. దోషమచట లేదు. కెర్నెలు నడకను కనిపెట్టుటకు చేర్చిన ఎఫ్‌ట్రేస్ అను వేఱొక భాగము, దిద్దవలసిన స్థలముల పట్టిక నుంచుకొనెడిది. ప్రారంభమున మాత్రమే పనికివచ్చు పంక్తులు తొలఁగింపఁబడిన పిదపఁగూడ వాని చిరునామాలు పట్టికలో నిలిచెను. ఖాళీపడిన ఆ చిరునామాలకే తరువాత కార్డు చిప్పు వచ్చి కాఁపురముండెను. పాత యద్దెవాని పేరిట వచ్చిన యుత్తరము క్రొత్తవాని యింటఁ బడినట్లు, ఎఫ్‌ట్రేస్ వ్రాఁత చిప్పుపైఁ బడెను. పోల్చి, సరిపడిననే మార్చుమను నాజ్ఞయే యది. కాని సరిపడకున్నను ఆ యాజ్ఞ పాత విలువను తిరిగి వ్రాయును, సామాన్యస్థలమున నిరపాయమైన యా వ్రాఁత చిప్పునకుఁ బ్రాణాంతకమయ్యెను. డ్రైవరు పరిష్కర్తలు చిప్పుపై వ్రాఁతను నిషేధించు ప్యాచి నిచ్చిరి. ఎఫ్‌ట్రేస్‌లోని ఆ మార్గమును 2.6.27.1 కూర్పున మూసివైచిరి.

అది తెలియక వచ్చిన తప్పు. తెలిసి పెట్టిన పరీక్ష యొకటి తరువాత వచ్చెను. మినెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు, పరిష్కర్తలు మోసపోవుదురేమో చూతమని 2020లో మాఱుపేర్లతో దోషయుక్తములైన ప్యాచీలను పంపి, దానిపై వ్యాసము వ్రాసిరి. 2021 ఏప్రిలులో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయపు ప్యాచీలనిఁక స్వీకరింపఁబోమని ప్రకటించెను. వ్యాసమును పరిశోధకులు ఉపసంహరించుకొనిరి. అడుగక మనుష్యులను ప్రయోగవస్తువులుగాఁ జేయుట శాస్త్రమని నేనంగీకరింపను. మాఱుపేరు ప్యాచీలలో దోషము గలది యేదియుఁ గెర్నెలులోఁ జేరలేదని విచారణలోఁ దేలెను. అయినను అనుమానము వచ్చినది గనుక, ఆ విశ్వవిద్యాలయమువారు వెనుకటి యేండ్లలోఁ బంపిన 400కు పైఁబడిన ప్యాచీలను పరిష్కర్తలు మొదటినుండి మరలఁ జదివిరి. అందుఁ జాలవఱకు సరియైనవేయని కనుఁగొని, సరికాని కొన్నిటిని దిద్దిరి.