అమ్మ రక్తంలోని చక్కెర రెమ్మలు

పుదుచ్చేరి వైతికుప్పంలో ఇంకా తెల్లవారలేదు. కార్తీకం వానలు. ఫైబర్ పడవలన్నిటినీ గట్టు మీదికి లాగి పెట్టారు. అలలు నల్లబండలకు కొట్టుకుని చివరి వరస ఇళ్ళ గోడల మీద తుంపర చల్లుతున్నాయి. తమిళుల మాసి నెలలో మఖా నక్షత్రం నాడు చుట్టుపక్కల ఊళ్ళ దేవుళ్ళంతా సముద్ర స్నానానికి వచ్చే తీరం ఇది. ఈ వేళప్పుడు మాత్రం ఒక ఆటో, అందులో నెలలు నిండిన ఒక అమ్మాయి, ఆమె తల్లి. మీరు డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

“పుట్టింటికి వెళ్ళలేదేమ్మా?”

“మాది యానామండి. 800 కిలోమీటర్ల పైనే గదండీ! ఈ నెలల్లో అంత ప్రయాణం వద్దన్నారు. అమ్మే వచ్చేసింది.”

పుదుచ్చేరి, యానాం ఒకే పాలన కింద ఉన్నాయి గానీ మధ్యలో కోస్తా అంతా ఉంది. భర్తకు ఇక్కడ గవర్నమెంటు ఉద్యోగం. అమ్మాయి నొప్పులను పంటి బిగువున ఆపుతోంది. తల్లి మాత్రం ఆగలేదు.

“రెండేళ్ళ కిందట దీనికి డెంగ్యూ వచ్చిందండి. ప్లేట్‌లెట్లు పడిపోయి హడలగొట్టేసింది. ఆ జబ్బు తాలూకు ఏదైనా బిడ్డకి వెళ్తుందంటారా?”

వెళ్తుంది. జబ్బు కాదు, దాని జ్ఞాపకం. ఆటో ఎల్లైపిళ్ళైచావడిలోని రాజీవ్ గాంధీ ప్రభుత్వ మహిళా శిశు ఆసుపత్రి చేరేలోగా మనం ఆ అమ్మాయి మావి లోపలికి వెళ్ళి చూద్దాం.

వెచ్చగా, చీకటిగా ఉంటుంది. తల్లి రక్తం మీ చుట్టూ మడుగు కట్టి నెమ్మదిగా తిరుగుతోంది. అందులో కోటానుకోట్ల యాంటీబాడీలు. ఐజీజీ అనే రకానివి, ఇంగ్లీషు వై అక్షరం ఆకారం. వాటి రెండు చేతులూ శత్రువును పట్టుకోవడానికి. కింది కాడ మన రక్షక కణాలకు కబురు అందించడానికి. ఆ కాడలో ఉన్న రెండు ప్రొటీన్ గొలుసుల్లో ఒక్కోదానికి, 297వ స్థానంలోని ఆస్పరజిన్ దగ్గర, రెండు పాయలుగా చీలిన ఒక చక్కెర రెమ్మ అతుక్కుని ఉంది. మొత్తం యాంటీబాడీ బరువులో చక్కెర వాటా రెండు మూడు శాతమే. దాన్ని పూర్తిగా తీసేస్తే మాత్రం చేతులు పట్టుకుంటాయి గానీ కాడ పిలిస్తే పలికే కణం దాదాపు ఉండదు.

ఇవి పాయసం తింటే వచ్చే చక్కెరలు కావు. మధుమేహం పరీక్షలో చూసే హెచ్‌బీఏ1సీ వేరు. అది రక్తంలో ఎక్కువైన గ్లూకోజు పిలవకుండా వెళ్ళి హిమోగ్లోబిన్‌కు అంటుకోవడం. ఇక్కడిది అలా కాదు. ఏ చక్కెర ఎక్కడ అతకాలో కణంలోని ఎంజైములు చూసి అతుకుతాయి. అడుగున ఏడు చక్కెరల దిమ్మ అందరిలో ఒకటే. దాని మొదట్లో ఫ్యూకోజ్ ఉండొచ్చు, లేకపోవచ్చు. పాయల చివర గ్యాలక్టోజ్, దాని మీద సియాలిక్ ఆమ్లం చేరొచ్చు. తేడాలన్నీ అక్కడే.

దగ్గరగా చూడండి. ఈమె యాంటీబాడీల పాయల చివర గ్యాలక్టోజ్ మామూలు కంటే దట్టంగా ఉంది. సియాలిక్ ఆమ్లం కూడా పెరిగింది. గర్భంతో ఉన్నప్పుడు ఇలా మారుతుంది, కాన్పు తర్వాత కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. కీళ్ళవాతం ఉన్న ఆడవాళ్ళకు గర్భంలో నొప్పులు తగ్గి, బిడ్డ పుట్టాక మళ్ళీ తిరగబెడతాయని అమెరికా వైద్యుడు ఫిలిప్ హెంచ్ 1938లోనే రాశాడు. కీళ్ళవాతం రోగుల ఐజీజీలో గ్యాలక్టోజ్ తక్కువని ఆక్స్‌ఫర్డ్ బృందం చూపించింది 1985లో. రెండూ కలిపి చదివితే, కడుపులో సగం పరాయిదైన ప్రాణాన్ని మోస్తున్న శరీరం తన ఆయుధాల పదును తానే తగ్గించుకుంటున్నట్టు కనిపిస్తుంది. కీళ్ళనొప్పులు తగ్గడానికి కారణం పూర్తిగా ఇదేనని మాత్రం నేననను. హార్మోన్లకూ అందులో వాటా ఉంది.

ఇప్పుడు మావి గోడ దగ్గరికి రండి. గోడ కణాలు తల్లి రక్తాన్ని చిన్న చిన్న తిత్తుల్లోకి మింగుతున్నాయి. తిత్తి లోపల పులుపెక్కుతుంది. ఆ పులుపులోనే ఎఫ్‌సీఆర్ఎన్ అనే గ్రాహకం యాంటీబాడీని గట్టిగా పట్టుకుంటుంది. తిత్తి అవతలి ఒడ్డున బిడ్డ వైపు తెరుచుకోగానే పులుపు విరిగి, పట్టు సడలి, యాంటీబాడీ జారిపోతుంది. నాలుగో నెలలో సన్నగా మొదలైన ఈ రవాణా చివరి నాలుగు వారాల్లో ఉద్ధృతమవుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డలో ఐజీజీ తల్లి కంటే కూడా ఎక్కువ ఉంటుంది. ముందే పుట్టిన బిడ్డకు ఆ మేరకు లోటు.

ఏ చక్కెర రెమ్మ ఉన్న యాంటీబాడీకి ముందు దారి ఇవ్వాలో మావి ఎంచుకుంటుందా? ఎంచుకుంటుందని, గ్యాలక్టోజ్ నిండిన వాటికే పెద్దపీట వేస్తుందని 2019లో ‘సెల్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తల్లి రక్తం, బొడ్డుతాడు రక్తం పోల్చి చూసిన మరికొందరికి ఆ తేడా కనబడలేదు. ఎఫ్‌సీఆర్ఎన్ పట్టుకునే చోటు చక్కెర ఉన్న చోటు కాదు కాబట్టి నాకు రెండో పక్షమే నమ్మదగినదిగా తోస్తుంది. తల్లి ఎలా తయారుచేస్తే అలాగే బిడ్డకు చేరుతుంది.

కొత్త సంగతి కాదిది. 1892లోనే శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ఆడ ఎలుకలకు గురివింద గింజల విషం, ఆముదం గింజల విషం కొద్దికొద్దిగా అలవాటు చేసి, వాటి పిల్లలూ తట్టుకుంటాయని చూపించాడు. పిల్లలను తల్లులు మార్చి పాలు తాగించి, పాలలోనూ రక్షణ వస్తుందని తేల్చాడు. ఆయనకు తెలియనిది చక్కెర కథ.

ఈ మడుగులో డెంగ్యూ యాంటీబాడీలు ఎక్కడున్నాయి? అవిగో. వాటిలో కొన్నిటికి మొదట్లో ఉండాల్సిన ఫ్యూకోజ్ లేదు. పెద్దవాళ్ళ ఐజీజీలో నూటికి తొంభైకి పైగా ఫ్యూకోజ్ ఉన్నవే. వలముడిలో ఇరుక్కున్న పీచు తీసేస్తే ముడి బిగిసినట్టు, ఫ్యూకోజ్ లేని కాడ రక్షక కణాల మీది ఒక గ్రాహకానికి ఎన్నో రెట్లు గట్టిగా బిగుస్తుంది. క్యాన్సర్ మందుల తయారీలో దీన్ని కావాలనే వాడతారు. డెంగ్యూలో అదే బెడద. వైరస్‌ను చంపలేక ఊరికే పట్టుకున్న యాంటీబాడీ, దాన్ని తిన్నగా తెల్లకణం లోపలికి మోసుకుపోతుంది. వైరస్ అక్కడే పిల్లలు పెడుతుంది. డెంగ్యూ తీవ్రమైన వాళ్ళలో ఫ్యూకోజ్ లేని యాంటీబాడీలు ఎక్కువని 2017లో తేలింది. తల్లి డెంగ్యూ యాంటీబాడీల్లో అవి పది శాతం, అంతకు మించి ఉంటే, వైరస్ సోకిన పసిబిడ్డకు జబ్బు లక్షణాలు బయటపడే అవకాశం ఎక్కువని 2020లో స్టాన్‌ఫర్డ్ వారి పరిశోధన చెప్పింది.

కేక. మీరు వార్డు వరండాలో ఉన్నారు. బొడ్డుతాడు కత్తిరించేశారు, మావి దారి మూసుకుపోయింది. నర్సు తమిళంలో ఏదో అంటోంది, పాలు పట్టించమని సైగ. అమ్మమ్మ పసుపుపచ్చని ముర్రుపాలను చూసి తటపటాయిస్తే అమ్మాయే బిడ్డను గుండెకు హత్తుకుంది. మంచిపని చేసింది. 2022లో ‘నేచర్’లో వచ్చిన ఎలుకల పరిశోధన ప్రకారం, గర్భిణి యాంటీబాడీల సియాలిక్ ఆమ్లం మీద నుంచి ఒక చిన్న ఎసిటైల్ ముక్క ఊడిపోతుంది. అంతమాత్రంతో అవి లిస్టీరియా లాంటి, కణాల్లో దాక్కునే సూక్ష్మజీవుల నుంచి కూడా పిల్లలను కాపాడగలిగాయి. పాల ద్వారా అందినవి కూడా.

అమ్మమ్మ మీ వైపు చూస్తోంది. ఆటోలో అడిగిన దానికి జవాబు కావాలి. చెప్పండి: మొదటి నెలల్లో తల్లి యాంటీబాడీలు మెండుగా ఉంటాయి, డెంగ్యూను ఆపుతాయి. అవి క్రమంగా తగ్గిపోతుంటాయి. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య, ఆపడానికి చాలకుండా, మోసుకుపోవడానికి మాత్రం సరిపోయేంత మిగిలి ఉంటాయి. బ్యాంకాక్‌లో డాక్టర్ స్కాట్ హాల్‌స్టెడ్ 1960ల నుంచి గమనించింది ఈ వయసు పసివాళ్ళనే. గోరిమేడు వైపు వెళ్తే 1975 నుంచి దోమల మీద పనిచేస్తున్న వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఉంది, ఈ ఊరికి డెంగ్యూ చుట్టం కాదు, ఇంటి మనిషి.

ఫ్యూకోజ్ లెక్క చెప్పే పరీక్ష మామూలు ల్యాబుల్లో దొరకదు. దొరికేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. ఏడాది నిండని బిడ్డకు జ్వరం వస్తే వెంటనే డాక్టరుకు చూపించండి, తల్లికి ఎప్పుడైనా డెంగ్యూ వచ్చి ఉంటే ఆ మాట అడగకముందే చెప్పండి.